చుక్క వద్దన్న రోజులు, గుక్క కావాలన్న రోజులు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మన సంఘం మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇప్పటిదాకా భూముల గురించి, పోడు పట్టాల గురించి, మన భాషల గురించి మంచి మాటలు విన్నాం. కొమురం భీమ్‌ను తలచుకున్నాం. జల్, జంగల్, జమీన్ అని అందరం చెయ్యెత్తి నినదించాం. ఆ మూడు మాటల్లో మొదటిది నీళ్లు. మనలో గోండీ మాట్లాడే ఇళ్లలో నీళ్లను ఏర్ అంటారు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాట చూస్తేనే మనకూ నీటికీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది. వాగు నీళ్లు, చెరువు నీళ్లు, గోదావరి నీళ్లు అని పెద్ద నీళ్ల గురించి మనం చాలా మాట్లాడతాం. మహిళా విభాగం తరఫున మేము ఈ రోజు ఒక చెంచాలో పట్టే నీళ్ల గురించి మాట్లాడడానికి వచ్చాం. పాలు తాగే బిడ్డకు నీళ్లు ఎప్పుడు తాపాలి, ఎన్ని తాపాలి, ఎట్లాంటివి తాపాలి, ఇదే మా విషయం.

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరిగాయి. అవి ముగిసిన రెండో రోజే మన పండుగ వస్తుంది. కాబట్టి ఈ మాట చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు లేదనుకున్నాం.

మేము డాక్టర్లం కాము. మాలో అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు, ఆశా కార్యకర్తలు ఉన్నారు, సింగరేణి కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు ఉన్నారు, కూలికి పోయే తల్లులు ఉన్నారు, నలుగురైదుగురు మనుమలను పెంచిన అవ్వలు ఉన్నారు. మేము చెప్పేది డాక్టర్ల దగ్గర, ఏఎన్ఎంల దగ్గర నేర్చుకున్నది, మా ఇళ్లలో దెబ్బతిని తెలుసుకున్నది.

ముందు రెండు ఇళ్ల సంగతి చెబుతాం. పేర్లు చెప్పం. రెండూ మన ఇళ్లే అనుకోండి.

మొదటి ఇంట్లో మూడు నెలల పాప. మే నెల. మన రామగుండం ఎండ ఎట్లుంటదో మీకు చెప్పాల్సిన పని లేదు, 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. రేకుల ఇల్లు. తండ్రి సెకండ్ షిఫ్ట్, తల్లి పొద్దున కూలికి పోయి మధ్యాహ్నం వస్తుంది. పొద్దంతా పాప అవ్వ దగ్గరే. పాప ఏడ్చింది, పెదవులు తడారినట్టు కనిపించాయి. గొంతు ఎండుతున్నదని అవ్వ జాలిపడి, క్యాన్ నీళ్లలో ఇంత చక్కెర కలిపి చెంచాతో తాపింది. నాలుగు రోజులు అట్లే తాపింది. ఐదో రోజు విరేచనాలు మొదలయ్యాయి. మాడు లోపలికి పోయింది, కళ్లు గుంటలు పడ్డాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. రాత్రికి రాత్రే ఆసుపత్రికి ఎత్తుకొని ఉరికాం. పాప దక్కింది. కానీ ఆ రాత్రిని మేము ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత మేము గట్టిగా పని పెట్టుకున్నాం. బస్తీ బస్తీ తిరిగి, తల్లులను కూర్చోబెట్టి, ఆరు నెలల దాకా తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా వద్దు అని చెప్పాం. పాటలు కట్టాం, గోడల మీద రాశాం. మా మాట బాగానే పోయింది.

రెండో ఇల్లు అప్పుడు ఎదురైంది. ఎనిమిది నెలల బాబు. తల్లి మా మీటింగులు అన్నిటికీ వచ్చిన పిల్ల. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గట్టిగా ముద్ద కలిపి పెడుతున్నది, అన్నం మెదిపి పెడుతున్నది. బాబుకు మలం రాయి లాగా గట్టిపడి, వెళ్లలేక గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఒకసారి రక్తపు చార కనిపించి తల్లి భయపడి మా దగ్గరికి వచ్చింది. నీళ్లు ఎన్ని తాపుతున్నవు బిడ్డా అని అడిగితే, ఆ పిల్ల మా ముఖం చూసి, మీరే వద్దన్నరు కదా అక్కా అన్నది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మేము సగం మాటే చెప్పి వచ్చాం. ఆరు నెలల దాకా వద్దన్నాం, ఆరు నెలల తర్వాత ఏం చేయాలో చెప్పలేదు. వద్దు అన్నది ఎప్పుడు ముగుస్తుందో చెప్పకపోతే, విన్నవాళ్లు దాన్ని అట్లే పట్టుకుంటారు. తప్పు ఆ తల్లిది కాదు, మాది.

ఇది మా బస్తీ ముచ్చట మాత్రమే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో ఆరు నెలల లోపు బిడ్డల్లో 63.7 శాతం మంది తల్లిపాలు మాత్రమే తాగుతున్నారు. 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవాళ్లు మాత్రం 11.3 శాతమే. మొదటి ఆరు నెలల మాట జనంలోకి ఎంతోకొంత పోయింది. తర్వాతి మాట పోలేదు. ఆ తర్వాతి మాటలో ముద్ద ఉంది, ముద్దతో పాటు తాపాల్సిన గుక్కెడు నీళ్లు కూడా ఉన్నాయి.

అందుకే ఈ రోజు రెండు సగాలూ కలిపి చెబుతాం.

మొదటి సగం. ఆరు నెలలు నిండే దాకా నీళ్లు ఎందుకు వద్దు? తల్లిపాలలో నూటికి 87, 88 వంతులు నీళ్లే. దాహానికి కావాల్సినవి అందులోనే ఉన్నాయి. మరి మన ఎండకు చాలుతాయా అని ప్రతి అవ్వ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే అది. ఢిల్లీ ఎండాకాలంలో తల్లిపాలు మాత్రమే తాగే పసిపిల్లలను డాక్టర్లు పరిశీలించి, 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ వివరాలు అచ్చు వేశారు. నీళ్లు తాపకపోయినా ఆ పిల్లల ఒంట్లో నీటికి లోటు రాలేదని తేలింది. ఎండ ఎక్కువైనప్పుడు బిడ్డ ఎక్కువసార్లు రొమ్ము అడుగుతుంది, అడిగినప్పుడల్లా ఇస్తే సరిపోతుంది.

నీళ్లు తాపితే నష్టం మూడు రకాలు. ఒకటి, పసిబిడ్డ కడుపు చాలా చిన్నది. నీళ్లతో నిండితే పాలు తాగదు. పాలు తాగకపోతే బరువు పెరగదు, తల్లికి పాలు పడడమూ తగ్గుతుంది. రెండు, ఆ నీళ్లలో, ఆ చెంచాకు, ఆ చేతికి ఉన్న క్రిములు నేరుగా కడుపులోకి పోతాయి. మూడు, పసిబిడ్డ మూత్రపిండాలు ఇంకా పూర్తిగా పని నేర్చుకోలేదు. నీళ్లు ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి, బిడ్డ మగతగా పడిపోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. తల్లి లేని బిడ్డకో, పాలు పడని తల్లి బిడ్డకో డబ్బా పాలు కలిపేటప్పుడు, డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచడం కూడా ఇందుకే ప్రమాదం. డబ్బా మీద రాసిన కొలత తప్పొద్దు.

పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం, వీధిలోకి గాడిదను తోలుకొని వచ్చేవాళ్ల దగ్గర గాడిద పాలు కొని తాపడం, గ్రైప్ వాటర్ పట్టడం, ఇవన్నీ కూడా ఆ ఆరు నెలల్లో వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే ఒక రకం క్రిమి పసిపిల్లల నరాలను దెబ్బతీయగలదు. డాక్టరు రాసిన చుక్కల మందులు, విరేచనాలు అయినప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్ మాత్రం వేరు. అవి మందులు. వాటిని ఆపొద్దు.

ఇక్కడ ఒక లెక్క గురించి చెప్పాలి. మన ఇళ్లలో ఆరో నెల పడ్డది అంటాం. ఆరో నెల పడడం అంటే ఐదు నెలలు నిండడం. ఆరు నెలలు నిండడం అంటే ఇంకో నెల తర్వాత. ఈ తేడాతోనే చాలా ఇళ్లలో నెల ముందే నీళ్లు, బువ్వ మొదలవుతున్నాయి. అమావాస్యలు లెక్కబెడితే ఇంకా ముందుకు జరుగుతుంది. లెక్క తేలిక. ఫిబ్రవరి 9న పుట్టిన బిడ్డకు ఈ రోజు, ఆగస్టు 9న, ఆరు నెలలు నిండాయి. పుట్టిన తేదీకి ఆరు నెలలు కలిపి, ఆ తేదీని గోడమీది క్యాలెండరులో పెన్నుతో గుండ్రంగా చుట్టండి. షిఫ్టు లెక్కలు, పాల లెక్కలు, గ్యాసు బండ తేదీ అదే క్యాలెండరు మీద రాస్తాం కదా, బిడ్డ తేదీ కూడా అక్కడే రాయండి.

ఇప్పుడు రెండో సగం. ఆ తేదీ దాటగానే బిడ్డకు ముద్ద మొదలు. పాలు ఒక్కటే ఇక చాలవు. ముఖ్యంగా ఇనుము చాలదు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ అప్పటికి తగ్గిపోతుంది. అదే సర్వేలో మన తెలంగాణలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అందుకని పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం మెత్తగా చేసి పెట్టాలి. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, రోజుకు రెండు మూడు సార్లు పెడుతూ, ఎనిమిది నెలలు నిండే సరికి పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా తీసుకుపోవాలి. తొమ్మిది నెలల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. తల్లిపాలు రెండేళ్లు, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు.

ముద్ద మొదలైతే నీళ్లు ఎందుకు కావాలి? ముద్దలో పాలలో ఉన్నంత నీళ్లు ఉండవు. పప్పు, గుడ్డు అరిగాక మిగిలే వ్యర్థాలను మూత్రం ద్వారా బయటికి పంపడానికి ఒంటికి నీళ్లు కావాలి. పేగుల్లో మలం మెత్తగా కదలడానికీ నీళ్లు కావాలి. రెండో ఇంటి బాబుకు తక్కువైనవి అవే. ముద్దను జారుగా చేసి, ముద్ద తర్వాత నీళ్లు తాపడం మొదలుపెట్టాక ఆ బాబు తేరుకున్నాడు.

ఎన్ని తాపాలి? మొదట్లో ప్రతి ముద్ద పూట తర్వాత రెండు మూడు చెంచాలు, అంతే. అది కడుపు నింపడానికి కాదు, గుటక నేర్పడానికి. మెల్లగా పెంచుతూ పోతే ఏడాది నిండేలోపు రోజు మొత్తానికి 120 నుంచి 240 మిల్లీలీటర్లు, అంటే అరగ్లాసు నుంచి ఒక గ్లాసు, తల్లిపాలు తాగే బిడ్డకు సరిపోతాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పే కొలత కూడా ఇదే. మన మే నెల ఎండలో కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు అందించండి, రొమ్ము కూడా ఎక్కువసార్లు ఇవ్వండి. తల్లిపాలు అసలే లేని బిడ్డకు నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. ఆ కొలత ఏఎన్ఎంను, డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఎప్పుడు తాపాలి? ముద్ద ముందు వద్దు. బిడ్డ కడుపు కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. ఏడు కిలోల బిడ్డ కడుపు 210 మిల్లీలీటర్లు. ముందే నీళ్లు పోస్తే ముద్దకు చోటు ఎక్కడ ఉంటుంది? ముద్ద మధ్యలో అడిగితే ఒక గుక్క, అయిపోయాక రెండు మూడు గుక్కలు. బిడ్డ తల తిప్పుకుంటే ఆపేయాలి. ముక్కు మూసి పోయడం, పడుకోబెట్టి పోయడం ఎప్పుడూ చేయొద్దు. కూర్చోబెట్టి తాపాలి.

సరిపోతున్నాయా లేదా అని ఎట్లా తెలుస్తుంది? బిడ్డ రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా, లేత రంగులో మూత్రం పోస్తుంటే సరిపోతున్నట్టే. రంగు ముదిరినా, సార్లు తగ్గినా పాలు, నీళ్లు పెంచాలి. మాడు, కళ్లు లోపలికి పోవడం, నోరు ఎండడం, కన్నీళ్లు రాకపోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా పోవడం, బిడ్డ మత్తుగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రి.

ఎట్లాంటి నీళ్లు? ఇది మన బొగ్గుబాయి ప్రాంతంలో పెద్ద ప్రశ్న. ఒక్కో ఇంటికి ఒక్కో నీళ్లు. కంపెనీ క్వార్టర్లలో నల్లా నీళ్లు, ఊళ్లలో మిషన్ భగీరథ నల్లా, ఇంకొన్నిచోట్ల బోరు, మిగతావాళ్లకు ప్లాంటు క్యాన్లు. ఏ నీళ్లయినా బిడ్డకు కాచి చల్లార్చినవే తాపండి. గలగల మరిగాక ఒక నిమిషం ఉంచి దించండి. దించాక మూత పెట్టండి. మన దగ్గర గిన్నె మీద మూత లేకుంటే పొద్దటికల్లా బొగ్గు దుమ్ము తేలుతుంది. కాచిన నీళ్లు కాచిన గిన్నెలోనే చల్లార్చి, ఒక రోజులోపు వాడేయండి. గిన్నెలో చెయ్యి ముంచొద్దు, వంచి పోసుకోండి, లేదా కాడ ఉన్న గరిటె వాడండి. క్యాన్ నీళ్లు కొన్నాం కదా, కాచడం ఎందుకని అడుగుతారు. ప్లాంటులో నీళ్లు శుభ్రంగానే ఉండొచ్చు, క్యాన్ ఎన్ని చేతులు మారి ఎట్లా కడిగి మీ ఇంటికి వచ్చిందో ఎవరికి తెలుసు? మొదటి ఇంట్లో పాపకు తాపినవి కూడా కాచని క్యాన్ నీళ్లే.

కాచితే క్రిములు చస్తాయి, నీళ్లలో కరిగిన ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుండా, నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలని మన దేశ ప్రమాణం. నైట్రేటు ఎక్కువైన నీళ్లు పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తాయి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తరాల తరబడి ఎముకలను ఎట్లా వంచాయో మనం చూశాం. కాబట్టి గనుల నుంచి తోడి బయటికి పారే నీళ్లు, చుట్టూ ఎరువులు వాడే చేన్ల మధ్య ఉన్న బోరు నీళ్లు పైకి తేటగా కనిపించినా, పరీక్ష చేయించకుండా బిడ్డకు తాపొద్దు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించమని సర్పంచును, కార్యదర్శిని అడగండి. అది మన హక్కు. జల్ అన్న మాటకు అర్థం అక్కడి నుంచే మొదలవుతుంది.

దేనితో తాపాలి? సీసాతో వద్దు. పాలపీక లోపల, మూత మరల్లో మురికి చేరుతుంది, ఎంత కడిగినా పోదు. పాలసీసాలకు, డబ్బా పాలకు ప్రచారం చేయకూడదని 1992లోనే మన దేశంలో చట్టం వచ్చింది. చిన్న స్టీలు గ్లాసు, చెంచా చాలు. మన పెద్దవాళ్లకు ఇంతకంటే మంచిది ఒకటి ఉండేది, ఉగ్గుగిన్నె. చిన్న ముక్కు ఉన్న గిన్నె. అటక మీద వెతకండి, చాలా ఇళ్లలో ఇంకా ఉంటుంది. నోరు విప్పారి ఉంటుంది కాబట్టి లోపల చెయ్యి పెట్టి తోమొచ్చు. స్టీలుదైతే సబ్బుతో తోమి, వేడినీళ్లలో మరిగించి వాడండి. దాన్ని పాతకాలపు వస్తువు అని పారేసి, దుకాణంలో ప్లాస్టిక్ సీసా కొన్నాం. తాపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా మరవొద్దు.

నీళ్ల పేరుతో వేరేవి తాపొద్దు. బాబు ఏడుస్తున్నాడని చాయలో బిస్కెట్ ముంచి పెడతాం. చాయ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. నూటికి 70 మందికి రక్తం తక్కువ ఉన్న చోట పసిపిల్లలకు చాయ పోయడం మన చేతులతో మనమే నష్టం చేసుకోవడం. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ రసాలు, గ్లూకోజు పొడి నీళ్లు వద్దు. ఏడాది నిండేదాకా ఆవు పాలు, బర్రె పాలు పాలకు బదులుగా తాపొద్దు. గంజి మంచిదే, కానీ పలుచటి గంజి నీళ్ల లెక్కలోకే వస్తుంది, ముద్ద లెక్కలోకి రాదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేదే ముద్ద.

విరేచనాలు అయితే మాట మారుతుంది. అప్పుడు నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది, కాబట్టి ఓఆర్ఎస్ తాపాలి. అంగన్‌వాడీలో, ఆశా దగ్గర ప్యాకెట్ ఉచితంగా దొరుకుతుంది. ఒక లీటరు ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్, గ్లాసెడు నీళ్లు అని కొలత మార్చొద్దు. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా తాపాలి. ఒక రోజు దాటితే పారబోయాలి. డాక్టరు చెప్పిన జింకు 14 రోజులు వేయాలి. పాలు, ముద్ద ఆపొద్దు.

ఇక్కడ ఇంకో మోసం ఉండేది. ఓఆర్ఎస్ అని పేరు రాసి చక్కెర పానీయాలు దుకాణాల్లో అమ్మేవాళ్లు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, ఆ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద కొట్లాడారు, హైకోర్టుకు కూడా పోయారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ కొలత పాటించని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. ఒక్క మనిషి పట్టు పడితే ఒక మాట మారింది. ఈ ముచ్చట ఈ సభలో చెప్పాలనుకున్నాం.

ఇప్పుడు బాలింతల మాట. మన ఇళ్లలో పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు కొలిచి ఇస్తాం, బిడ్డకు జలుబు చేస్తదని భయపడతాం. మే నెలలో రేకుల ఇంట్లో ఆ తల్లికి గుక్కెడు నీళ్లు ఇవ్వం, చంటిబిడ్డకు మాత్రం చెంచాలతో తాపుతాం. దీన్ని తిప్పాలి. ఆరు నెలల లోపు బిడ్డ దాహానికి జాలిపడితే, ఆ నీళ్లు తల్లికి ఇవ్వండి. పాలిచ్చేటప్పుడల్లా పక్కన ఒక గ్లాసు పెట్టండి. తల్లి తాగిన నీళ్లే పాలై బిడ్డకు చేరతాయి.

చివరగా ఒక మాట. ఆ మొదటి ఇంటి అవ్వ దగ్గరికి మేము తర్వాత పోయాం. ఎందుకు తాపినవు అవ్వా అని కొంచెం కోపంగానే అడిగాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని ఇట్లా అన్నది: "నాకెవలు చెప్పిండ్రు బిడ్డా? మీరు మీటింగు పెట్టి నా కోడలికి చెప్తిరి. పొద్దుమూకులు పోరిని ఎత్తుకునేది నేను. నేను నా ఐదుగురికి అట్లనే తాపిన, నాకు తెలిసింది గంతే."

ఆ రోజు మేము తలదించుకున్నాం. చెంచా ఎవరి చేతిలో ఉందో వాళ్లకు మేము చెప్పలేదు. తల్లి కూలికి పోతుంది, తండ్రి షిఫ్టుకు పోతాడు, బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. అవ్వకు తెలియనిది కోడలికి తెలిసి ఏం లాభం? కోడలు చెబితే, నిన్నగాక మొన్న వచ్చినదానివి నాకు చెప్తవా అని అత్త అంటుంది. అదే మాట పది మంది అవ్వల ముందు, గౌరవంగా, వాళ్ల అనుభవాన్ని అడిగి, వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పి చెబితే వింటారు. ఆ అవ్వే ఇప్పుడు మాతో పాటు ఇంటింటికి వస్తున్నది. మేము చెప్పేదానికంటే ఆమె చెబితే ముందు వింటున్నారు.

కాబట్టి మన సంఘం ముందు మేము మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, ఇక ముందు పిల్లల ఆరోగ్యం మీద ఏ మీటింగు పెట్టినా అత్త, కోడలు ఇద్దరూ రావాలి, వీలైతే తండ్రి కూడా రావాలి. రెండు, ఆరు నెలలు నిండిన బిడ్డకు బువ్వ ముట్టించే రోజున, పెద్దవాళ్ల చేతుల మీదుగా మొదటి ముద్ద పెట్టించి, వెంటనే కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు తాపించాలి. అప్పుడు రెండు సగాలూ ఒకే రోజున ఇంట్లో అందరికీ గుర్తుంటాయి. మూడు, ప్రతి గూడెంలో, ప్రతి బస్తీలో తాగునీళ్లు పరీక్ష చేయించి, ఫలితాన్ని అంగన్‌వాడీ గోడ మీద రాయించాలి.

మా మాట మరిచిపోయినా ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి. మీ భాషలో, మీ బాణీలో కట్టుకొని పాడుకోండి, గోండీలోకి, లంబాడీలోకి తిప్పుకోండి:

ఆరు నెలలు నిండే దాకా చుక్క వద్దు, ముద్ద మొదలైన నాటి నుంచి గుక్క మరవొద్దు.